నవ్వని సినిమా

ఇంటి గోడకు కథ చెబితే అదే సినిమా తీసిపెట్టే రోజులొచ్చాక, ఆ అపార్ట్‌మెంటులో ఇంటింటా అధినేతను వెక్కిరించే సినిమా ఒకటి తయారైంది. నిషేధం మాత్రం పట్టాభి ఎదురు ఫ్లాటు చక్రపాణి సినిమాకే పడింది. అతని తలుపు మీద ఎర్రటి నిషేధ ముద్ర కొట్టిన నాటినుంచీ లిఫ్టులో జనం గౌరవంగా అతనికి దారిచ్చి మరీ నిలబడుతున్నారు. అది చూసి పట్టాభికి కడుపు రగిలిపోతోంది.

"వాడి సినిమాలో ఏముందే! అధినేత జోకు వేస్తాడు, ఒక్కడూ నవ్వడు, అంతేగా! నా సినిమాలోనైతే సగం ప్రపంచాన్ని తగలబెట్టేస్తాడు," అన్నాడు భార్యతో.

"జైలుకెళ్లాలని అంత సరదాగా ఉందా మీకు? ముందా చిక్కుడుకాయలు వలవండి," అంది హైమ.

ఉక్రోషం ఆపుకోలేక పట్టాభి తన సినిమా మీద తనే ఆకాశరామన్న ఫిర్యాదు పంపాడు. వారం తిరక్కుండా పోలీసులొచ్చారు. అతను అందరూ చూసేలా వరండాలోకొచ్చి, బేడీల కోసం చేతులు చాపాడు.

ఆ చేతుల్లో వాళ్లు పూలగుత్తి పెట్టి, శాలువా కప్పారు.

"అధినేతగారు పడీపడీ నవ్వారండీ! తననింత వీరుడిగా ఎవరూ చూపించలేదన్నారు," అన్నాడు అధికారి. ఫొటో కోసం అందర్నీ నవ్వమన్నాడు.

వరండా అంతా భయంభయంగా నవ్వింది. పట్టాభి కూడా నవ్వాడు, ఎదురు తలుపు వంక అసూయగా చూస్తూ.

అక్కడ చక్రపాణి ఒక్కడే నవ్వలేదు.