సొర వద్దన్న మనిషి

"ఎవరికోసం తల్లీ ఇది?"

సొరచేప ముక్కలు సంచిలో వేయించుకుంటున్న అమ్మాయి తిరిగి చూసింది.

వెనక ఒక ముసలాయన. ఆయన చూపు ఆమె నిండు పొట్ట మీద ఉంది.

"నాకే తాతా. బలానికి తినమన్నారు."

"బలమే, కాదనను. కానీ కడుపుతో ఉన్నప్పుడు సొర వద్దమ్మా. బిడ్డకి మంచిది కాదు. అటు చివర చిన్నచేపలుంటాయి, అవి తీసుకో."

ఆ అమ్మాయి సంచిని బల్ల మీదే ఉంచేసి అటు చివరికి వెళ్ళిపోయింది.

బల్ల వెనక కత్తి పట్టుకుని నిలబడ్డ సొరక్కకి ఒళ్ళు మండిపోయింది.

ఆమె అసలు పేరు బజారులో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళయిన కొత్తలో బల్ల పెట్టింది మొదలు సొర తప్ప మరో చేప అమ్మి ఎరగదు. పొద్దున్నే వేలంలో కొనడం, తోలు ఒలిచి ముక్కలు కొట్టడం, "ముల్లు లేని చేప, కండ పట్టే చేప" అని గొంతు చించుకోవడం. మొగుడు పోయాక ఆ గొంతుతోనే కూతుర్ని పెంచి, పెళ్ళి చేసి, రెండు వీధుల అవతల కాపురం పెట్టించింది.

"ఎవరు పంపారు నిన్ను? ఆ మూల బల్లవాళ్ళేనా?"

"ఎవరూ పంపలేదమ్మా."

"మరి నా నోట్లో మట్టి కొడితే నీకేం ఒరుగుతుంది?"

"సొర మంచి తిండే. బరువులు మోసేవాళ్ళకి అమ్ము, పళ్ళూడిన నాలాంటివాళ్ళకి అమ్ము. కడుపుతో ఉన్నవాళ్ళకీ, చంటిపిల్లలకీ మాత్రం వద్దని చెప్పు. అది ఏళ్ళ తరబడి మిగతా చేపల్ని మింగి బతుకుతుంది. వాటిలో ఉన్న చెడంతా దీని కండలో చేరుతుంది."

"ఓహో! చేపల డాక్టరుగారా తమరు?"

చుట్టుపక్కల బల్లలవాళ్ళు ఘొల్లుమన్నారు.

ముసలాయన కూడా కొంచెం నవ్వి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు ఊరుకున్నాడా? నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఒకసారి ఓ బోసినోటి అవ్వకి దగ్గరుండి ముక్కలు ఏరించి మరీ కొనిపించాడు. అదేమీ సొరక్క లెక్కలోకి రాలేదు. వెనక్కి వెళ్ళిన బేరాలే ఆమె కళ్ళలో మెదిలాయి.

ఒకనాడు చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి ఆయన మాట విని బల్ల దాటిపోయింది.

సొరక్క పక్కనున్న బకెట్టు ఎత్తి, చేప కడిగిన నీళ్ళు ఆయన మీద కుమ్మరించింది.

"ఇంకోసారి ఈ బల్ల దగ్గర కనిపిస్తే కత్తే మాట్లాడుతుంది!"

ఆయన ముఖం తుడుచుకున్నాడు.

"నీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారా అమ్మా?" అని అడిగాడు.

"నీ పాడు నోరు మూసుకుని పో!"

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఉన్నారు మరి. కూతురికి ఆరో నెల. నెల తప్పిందని తెలిసిన నాటి నుంచీ మెత్తటి సొర ముక్క ఏరి, తన చేత్తో వండి పంపుతోంది సొరక్క.

ఆ వారమే కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఏం తింటున్నావు?" అంది డాక్టరమ్మ.

"రోజు విడిచి రోజు సొర వండి పెడుతున్నానండీ," కూతురి కంటే ముందు తల్లే గొప్పగా చెప్పింది.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"వెంటనే ఆపేయండి. సొరలాంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ. లోపల బిడ్డ మెదడుకి మంచిది కాదు."

సొరక్క కూతురి పొట్ట వైపు చూసింది.

"మరి ఇన్నాళ్ళూ తిన్నదో?"

"తిన్నది వెనక్కి తీయలేం కదమ్మా. ఏమీ కాకపోవచ్చు. బిడ్డ పుట్టి, పెరుగుతుంటేగానీ చెప్పలేం."

దారి పొడుగునా కూతురు పొట్ట మీద చెయ్యి తీయలేదు.

"ఇన్నేళ్ళుగా అమ్ముతున్నావు కదమ్మా, నీకెవరూ చెప్పలేదా?"

"ఎవరు చెప్తారే నాకు?" అంది సొరక్క.

మర్నాటి నుంచి ఆమె కేకలు తగ్గాయి. కడుపుతో ఉన్న మనిషి వస్తే తనే వద్దని పంపేస్తోంది.

"ముసలాడి పిచ్చి నీకూ అంటుకుందే!" అని పక్క బల్లావిడ నవ్వింది.

సొరక్క నవ్వలేదు. కత్తి ఆడిస్తూనే వచ్చేపోయే ముఖాలన్నీ చూస్తోంది. ఆయన వస్తే బల్ల వెనక పీట వేసి కూర్చోబెట్టాలి. తిట్టినా పడాలి. నా కూతురి బిడ్డకి ఏమీ కాదు కదా అని ఆయన్నే అడగాలి.

ఆయన రాలేదు.

కొన్నాళ్ళకి వేలంలో సొర కూడా రాలేదు.

"ఏం బాబాయ్, సొర ఏదీ?" అని వేలం వేసేవాణ్ణి అడిగింది.

"ఇకమీదట ఎక్కణ్ణుంచి వస్తుందే? మన బజారుకి సొర పట్టి తెచ్చే పడవ ఒక్కటే. ఆ పడవాయన రాత్రి జ్వరంతో పోయాడు. పద, చూసొద్దాం. ఇన్నేళ్ళూ ఆయన వల మీదే కదా నీ పొయ్యి వెలిగింది!"

నిజమే. తన చేప ఎవరు పడుతున్నారో ఆమె ఏనాడూ అడగలేదు.

రేవు వెనక ఇరుకు గది. గుమ్మం దాకా జనం. గోడకి చేరగిలబడి ఆయన భార్య ఎవరితోనో చెబుతోంది.

"ఒడ్డున చేప దింపగానే అన్నానికైనా రాకుండా బజారుకి పరిగెత్తేవాడు. అమ్ముకున్న చేపతో నీకింకా ఏం పనయ్యా అంటే, నవ్వేసి వెళ్ళిపోయేవాడు."

సొరక్క జనాన్ని తప్పించుకుని ముందుకెళ్ళింది.

ఇన్నాళ్ళూ బజారులో వచ్చేపోయే ప్రతి ముఖంలోనూ తను వెతికిన ముసలాయనే, చాప మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.