టోపీ తియ్యని పెద్దాయన

"టోపీ తియ్యకుండా కటింగెలా చెయ్యమంటారు పెద్దాయనా?"

"ముందు గడ్డం చెయ్యి. తల సంగతి తరవాత చూద్దాం."

బ్రష్షు నురగలో ముంచాడు కత్తెర. సెలూను పెట్టిన నాటి నుంచి అందరూ అతన్ని కత్తెర అనే పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు ఒక్క అక్కకే గుర్తు, అదీ కోపం వచ్చినప్పుడే.

నురగ రాస్తుంటే ముసలాయన చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టుకి నీలం పట్టీ.

అంటే రాబోయే కాలం నుంచి వచ్చినవాడు. అక్కడ రిటైరైనవాళ్లకి సర్కారు ఒక్కసారి ఉచితంగా ఇస్తుంది ఈ ప్రయాణం. ఒక్క పూట పాతరోజుల్లో గడిపి పోవచ్చు. తానెవరో మాత్రం చెప్పకూడదు, చెబితే పట్టీ వెనక్కి లాగేస్తుంది. ఇంతా చేసి వచ్చి జనం చేసేదేమిటంటే, తమ కుర్రమొహాన్ని వెతుక్కుని దానికి చీవాట్లు పెట్టుకోవడం. జన్మంతా ఇతరుల చేత తిన్నవి చాలనట్టు.

"ఆ కింది సొరుగులో ఎర్ర దువ్వెన ఉందా ఇంకా?" అన్నాడు ముసలాయన.

కత్తెర చెయ్యి ఆగిపోయింది. ఆ దువ్వెన ఈ రూటు బస్సు డ్రైవరుది. అతను మర్చిపోయి వెళితే కత్తెర దాచేశాడు. అక్కకి కూడా తెలీదు ఆ సంగతి. తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, తను.

"నువ్వు... నేనా?"

"అవుననీ కాదనీ అనకూడదు. రూలు."

"అయితే ఇందాకట్నించీ నన్ను నేనే మీరు, మీరు అంటున్నానా! ఏమయ్యా, నా ముక్కు ఇంత లావైపోతుందా?"

"వయసొస్తే అన్నీ సాగుతాయి."

కత్తెర టోపీ వంక చూసి బెంబేలెత్తాడు. "బట్టతలా? అందుకేనా తియ్యవు? సెలూనువాడికి బట్టతలొస్తే ఇంకెవడొస్తాడయ్యా కొట్టుకి!"

"గొంతు మీద కత్తి పెట్టి నవ్వించకు." ముసలాయన కుడికాలు కుర్చీ కింది పలకని గట్టిగా తొక్కిపట్టింది.

"ఇంతకీ ఎందుకొచ్చావు?"

"అతను వెళ్లేది ఇవాళే కదా."

కత్తెర కత్తిని భుజాన తువ్వాలుకి తుడిచాడు. డ్రైవరుకి చంద్రుడి రూటు వేశారు. ఇవాళ వెళితే మళ్లీ ఈ ఊళ్లో దిగడు, క్వార్టర్సు కూడా అక్కడే. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం ఈ కుర్చీలోనే కూర్చున్న మనిషి.

కత్తెరకి మొహాలు గుర్తుండవు, తలలు గుర్తుంటాయి. ఆ తల మరీనూ. రెండు సుళ్లు, ఎంత నూనె పెట్టినా నిక్కబొడుచుకునే జుట్టు. "రెండు సుళ్లోడివి, రెండు పెళ్లిళ్లు ఖాయం" అని కండక్టరు ఏడిపిస్తే, "ఒక్కటైతే చాలయ్యా" అన్నాడు డ్రైవరు, అద్దంలో కత్తెరనే చూస్తూ. కత్తెర గబగబా అతని చెవి వెనక వెంట్రుకలు దులిపాడు. ఇన్నేళ్ల ప్రేమంతా అంతే, ఆ దులపడమే.

"ఉండిపొమ్మని అడుగు," అన్నాడు ముసలాయన.

"నవ్వితే?"

"నవ్వడు."

"నువ్వొచ్చి చెప్తున్నావంటే నేను అడగలేదన్నమాట. ఒంటరిగా ముసలాడివైపోయావు, పాపం."

ముసలాయన అద్దంలో కత్తెర మొహాన్నే చూస్తున్నాడు. "రోజూ పొద్దున్నే చూసేవాణ్ణి ఈ మొహాన్ని. ఇంత బాగుండేదని మర్చిపోయాను."

"నా అందాన్ని నువ్వే మెచ్చుకోవడమేంటి? సిగ్గుండాలి."

బయట హారన్ మోగింది. పక్క ఇస్త్రీ కొట్లోంచి అక్క గొంతు. "ఒరేయ్, నీ డ్రైవరు బండొచ్చిందిరా! ఇవాళైనా నోరు విప్పుతావా, నన్నే వెళ్లి అడగమంటావా?"

"అక్కా, నువ్వూరుకో!"

"ఊరుకునే ఇంతదాకా తెచ్చాను!"

ముసలాయన చప్పున కుర్చీని గోడవైపు తిప్పేసుకుని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. "పో."

"నీ గడ్డం సగంలో ఉంది."

"ఒక చెంప మిగిలితే చావనులే. పోవయ్యా!"

కత్తెర భుజాన తువ్వాలుతోనే రోడ్డు దాటాడు. డ్రైవరు కిటికీలోంచి వంగాడు.

"మీ దగ్గరికే వద్దామనుకుంటున్నానండీ. చివరి కటింగు."

"చెయ్యను."

"అదేంటి?"

"చివరిదైతే చెయ్యను. ఉండిపోతే చేస్తాను. ఆదివారాలే కాదు, మీరెప్పుడంటే అప్పుడు. కొట్లో కాకపోతే... ఇంట్లో..." మాట అక్కడే తెగింది. కిటికీలన్నిట్లోంచి తలలు బయటికొచ్చాయి.

డ్రైవరు నవ్వలేదు. ఇంజిను ఆపేశాడు.

"చంద్రుడి రూటు నేనే అడిగి వేయించుకున్నానండీ," అన్నాడు. "ఇక్కడుండి మిమ్మల్ని అద్దంలో ఎంతకాలం చూస్తాంలే అని. ఇప్పుడే డిపోకి పోయి రద్దు చేయించుకుని వస్తాను. కుర్చీ ఎవరికీ ఇవ్వకండి."

"ముందు మమ్మల్ని దింపి, తరవాత పెళ్లి చేసుకోవయ్యా!" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

కత్తెర గాల్లో తేలుతూ కొట్లోకొచ్చి పడ్డాడు. "అడిగేశాను! ఉంటానన్నాడు! ఇంక నువ్వు ఒంటరివి కాదు పో!"

"తెలుసు."

గోడవైపు తిరిగిన కుర్చీలో ముసలాయన కదల్లేదు. మణికట్టు మీద పట్టీ మినుకుమంటోంది.

"తెలిస్తే ఇంత దూరం ఎందుకొచ్చావు మరి?"

"నీ చేత్తో కటింగు చేయించుకుని చాలా కాలమైంది. త్వరగా కానీ, టైమైపోతోంది."

ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బట్టతల చూడ్డానికి గుండె రాయి చేసుకుని, కత్తెర కుర్చీ వెనక నిలబడ్డాడు.

గుబురుగా తెల్లజుట్టు, నడినెత్తిన రెండు సుళ్లు.