గీత దాటిన నీలం

ఉడతకు స్కేట్లు కావాలి. అద్దెకిచ్చే వదులు స్కేట్లు కాదు. తన కాళ్లకు సరిపోయే సొంత స్కేట్లు.

ఏడేళ్ల ఆ పిల్ల అసలు పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఒక్కచోట నిలవదు కాబట్టి ఉడత. అలాంటి పిల్ల చేతికి ఐస్ హాకీ మైదానం వాళ్లు రంగులెయ్యమని ఒక గీతల బొమ్మ ఇచ్చారు. అందులో గోల్‌కీపర్ అడ్డంగా దూకుతున్నాడు. ఎదుటి ఆటగాడు కర్ర విసురుతున్నాడు. మంచు పొడి ఎగురుతోంది. బాగా రంగులేసిన వాళ్లకు స్కేట్లు బహుమతి. ఒకటే షరతు, పెద్దవాళ్లు చెయ్యి పెట్టకూడదు.

ఆ షరతు విన్నాక ఊళ్లో పెద్దవాళ్లందరూ చెయ్యి పెట్టేశారు. పక్కింటి ఇంజినీరుగారైతే సెలవు పెట్టి మరీ కూర్చున్నాడట.

ఉడత వాళ్లమ్మకూ చెయ్యి ఊరుకోలేదు. "మంచుకి కాస్త లేత నీలం నేను వేసిస్తానే!" అంది.

"ఏం అక్కర్లేదమ్మా!" తాతయ్య గయ్యిమన్నాడు. "పిల్ల పని పిల్లే చెయ్యాలి. నా గదిలో వేసుకుంటుంది. నేను కాపలా ఉంటా. ఎవరూ తొంగి చూడ్డానికి వీల్లేదు."

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. ఒకప్పుడు బజారులో సగం బోర్డులు ఆయన రాసినవే. స్కేలు పెట్టకుండా గీసినా గీత గీతలాగే ఉండేది. కోడలు ఎప్పటిలాగే సగం గ్లాసు టీ ఆయనకందించి వెళ్లింది. తలుపు మూసుకుంది.

మధ్యాహ్నమంతా లోపల్నుంచి సర్రు సర్రుమని చప్పుడు. "స్కెచ్ పెన్నులు అరిగిపోయేలా రుద్దేస్తోంది!" అని అమ్మ మురిసిపోయింది.

సాయంత్రం ఉడత చెమటలు కక్కుతూ బయటికొచ్చింది.

"ఆ మేజోళ్లేమిటే, అడుగున బొగ్గులా ఉన్నాయి?" అని అమ్మ కేకలేసింది. తర్వాత బొమ్మ చూసింది. ప్రాణం ఉసూరుమంది. చొక్కా నీలం గీత దాటి మంచులోకి పోయింది. గోల్‌కీపర్ ముక్కు ఎరుపు చెవి దాకా పాకింది. మామగారు ఒక్క గీత దిద్దినా ఇలా ఉండదు. పెద్దాయన మాట మీద నిలబడ్డాడు, స్కేట్లు మాత్రం పోయాయి.

"పోనీలే," అన్నాడు నాన్న. "దానంతట అది వేసింది. అది చాలు."

మర్నాడు మైదానం పక్క హాల్లో డ్రాయింగు టీచరమ్మ ఒక్కో కాగితం పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇది అమ్మ వేసింది." పక్కన పడేసింది.

"ఇది నాన్న."

"ఇది... అబ్బో, దీపాల నీడలు కూడా కొలిచి వేశారు!" ఇంజినీరుగారు తన షూ లేసులు చూసుకున్నాడు.

చివరి కాగితం దగ్గర ఆవిడ ఆగింది. ఉడత ఊపిరి బిగబట్టింది.

"ఇదీ పసిపిల్ల చెయ్యంటే! ఈ తొందర చూడండి. రంగు గీతలో ఆగుతుందా? గోల్‌కీపర్ నిజంగానే కదులుతున్నట్టు లేడూ? ఇన్నేళ్లుగా పిల్లల చేతులు దిద్దుతున్నా, ఈ విషయంలో నన్నెవరూ మోసం చెయ్యలేరు."

ఉడత స్కేట్లు అందుకుని, చేతులు చాచిన అమ్మానాన్నల్ని దాటుకుని వెళ్లి తాతయ్య నడుము వాటేసుకుంది. హాలంతా చప్పట్లు.

తాతయ్య మాత్రం చప్పట్లు కొట్టకుండా, ఎంత కడిగినా నీలం వదలని, వణుకు ఆగని తన కుడిచేతిని కోటు జేబులో ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు.