చెంచాడు పాలు

"మీ అమ్మ పొద్దుమాపు మౌనిక ఇంటికి పోయి చనుబాలు పిండించుకుంటుందట కదా తమ్మీ? మన గల్లీ ఉదయలక్ష్మి మేడం చెప్పింది," అన్నాడు భిక్షపతి, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

ఆటో తాళం తిప్పబోయిన జగన్ చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నదన్నా? మొత్తం చెప్పు."

భిక్షపతి గొంతు సన్నం చేసి అచ్చం ఆవిడలాగే రాగం తీశాడు. "'ఇదేం చోద్యమండీ! పసిగుడ్డు నోటి దగ్గర పాలు ముసలావిడ కళ్లలో పోసుకోవడమేంటి? ఆ మౌనిక కూడా అలాంటిదే. ఇరవై ఒక్క రోజులన్నా నిండకుండా పుట్టింటి నుంచి వచ్చేసింది, వదినతో పడలేదేమో! బిడ్డను ఒక్కరికీ చూపించదు, దిష్టి భయం కాబోలు. అండాలమ్మకు మాత్రం తలుపు తీస్తుంది' అన్నది. నాకెందుకులే గాని, నీ చెవిన ఏసిన."

జగన్‌కు తల కొట్టేసినట్టయింది.

తల్లి అండాలమ్మ కళ్లు నిరుటి నుంచి కారుతున్నాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరవై ఏళ్లు మిర్చిబజ్జీల బండి నడిపి, నూనె పొగ తాగిన కళ్లవి. ఎండలోకి పోతే మంట, ఫ్యాన్ కింద కూర్చుంటే ఇసుక పోసినట్టు గరగర. దవాఖానకు పోదామంటే "రేపు పోదాం తియ్" అనేది. ఈ వారం నుంచి ఆ మాట కూడా లేదు. కళ్లు ఎర్రబడితే బాలింత పాలు చుక్క వేయడం ఆమె పుట్టిన ఊళ్లో అందరూ చేసే వైద్యమే. కానీ ఎడమ కన్ను తగ్గకపోగా చింతనిప్పులా తయారైంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతున్నాయి.

ఆటోను అక్కడే వదిలి, ఎదురింటి మూడంతస్తులూ ఎక్కాడు. డాబా మీది ఒంటిగదిలో మధు, మౌనిక ఉంటారు. మధు బాటసింగారం పండ్ల మార్కెట్‌లో లారీలు దింపే పనికి తెల్లారకముందే వెళ్లిపోతాడు. తీగ మీద అతని చొక్కాలు రెండు, మౌనిక చీర ఒకటి ఆరుతున్నాయి. తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల అండాలమ్మ మౌనిక ఒళ్లో తల పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. మౌనిక చెంచాలోని పాలలో దూది ముంచి, ఆమె కళ్లలో ఒక్కొక్క చుక్కే వదులుతోంది. చెంప మీదికి జారిన చుక్కను కొంగుతో అద్దుతోంది. ఆ పిల్ల రవిక ముందంతా తడిసి ఉంది. కొక్కేనికి కట్టిన చీర ఊయలను మడిచి పైకి ముడేసి ఉంచారు.

జగన్ గడప దగ్గరే ఆగి, "పిల్లగాడు ఎట్లున్నడు చెల్లే?" అన్నాడు.

అండాలమ్మ దిగ్గున లేచి పెదవుల మీద వేలు పెట్టుకుంది. నిద్రపోతున్నాడు కాబోలనుకుని జగన్ గొంతు తగ్గించాడు.

మౌనిక తలెత్తలేదు. "పెద్దమ్మ కండ్లకు నయమైతుందా అన్నా?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్క జవాబు మీదే తన ప్రాణం ఆగి ఉన్నట్టు అడిగింది.

"అయితది," అన్నాడు జగన్.

కోపమంతా మెట్ల మీద బయటపడింది. "సిగ్గనిపిస్తలేదా అమ్మా? గా పిల్ల మొహమాటానికి ఇస్తుంటే..."

"ఆమెంతట ఆమె ఇయ్యలె. నేనే అడిగిన."

"అడుగుతవా? ఇయ్యాల్టి నుంచి బంద్!"

"నేను ఒక్కపూట పోకుంటే ఆ పిల్ల పండుకోదురా."

"నువ్వు పోకుంటే ఆమెకు నిద్ర పట్టకపోవుడేంది?"

అండాలమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది. జగన్ ఆమెను ఆటోలో కూర్చోబెట్టి, నేరుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని కంటి దవాఖానకు పోనిచ్చాడు.

డాక్టర్ తేజస్విని కుడి కంటి కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క తగిలించి, ఐదు నిమిషాల తర్వాత తీసి చూపించింది. కాగితం కొసన మాత్రమే తడిసింది.

"మీవి పొడి కళ్లమ్మా."

"నీళ్లు కారుతుంటే పొడి అంటవేంది డాక్టరమ్మా?"

"కన్ను ఎండి మండుతుంటే, ఆ మంటకు ఒక్కసారిగా నీళ్లు తన్నుకొస్తాయి. అవి చెంప మీదికి కారిపోయేవే, కంటిని తడిపి ఉంచేవి కావు. వయసు, పొగ, దుమ్ము... అన్నీ కలిశాయి. చుక్కల మందు రాస్తాను. రెప్పలకు గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టుకోండి. దీనికి భయం లేదు." పరికరం ముందుకు జరిపి ఎడమ కన్ను చూసిన డాక్టర్ మొహం మారింది. "ఇది వేరు. నల్లగుడ్డు మీద పుండు పడింది. ఇందులో ఏం పోస్తున్నారు?"

అండాలమ్మ తల దించుకుంది. జగనే చెప్పాడు.

డాక్టర్ కలం కింద పెట్టింది. "కంట్లో పాలు పోస్తే క్రిములకు మేత వేసినట్టే. ఇవాళే ఆపాలి. ఆపకపోతే ఈ కన్ను పోతుంది."

"ఇంకో పది దినాలమ్మా. అటెన్క నేనే బంద్ చేస్త."

"పది రోజులా? ఒక్క పూట కూడా వీల్లేదు."

"గట్లయితే పోనియ్యి. ఇంకో కన్ను ఉన్నది గద."

జగన్‌కు ఇక ఆగలేదు. "నీకు పిచ్చి లేసిందా అమ్మా? చెంచాడు పాలకు కన్ను పోగొట్టుకుంటవా? గల్లీల మొకం ఎత్తుకోలేకున్న! పసిపోరని నోటికాడిది గుంజుకుంటున్నవంటున్నరు. ఆ పాలు పోరడు తాగొద్దా?"

అండాలమ్మ బల్ల మీద పడి ఉన్న కాగితం ముక్కను పక్కకు జరిపింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"తాగే పోరడు మట్టిలున్నడు."