ఫెయిర్ కాపీ

"ఆ ఇంగ్లీషు అనువాదం మా నాన్నది కాదండీ. మా అమ్మది" అంది కూతురు, టీ కప్పు ఇంకా బల్ల మీద పెట్టకుండానే.

తండ్రి ఉలిక్కిపడలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ నవ్వాడు.

"చూశారా మేడమ్? నలభై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు సొంత కూతురే నాకు పరీక్ష పెడుతోంది."

ఎదురుగా కూర్చున్నావిడ నవ్వలేదు. మన నవలలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్ళాయో వందేళ్ళ చరిత్ర రాస్తోందావిడ. ఎల్లుండి ప్రెస్సుకి పంపాలి. ఒక్క పేజీ దగ్గర పని ఆగిపోయింది. పాతికేళ్ళ కిందట ఇంగ్లీషులోకి వెళ్ళి బాగా పేరు తెచ్చుకున్న నవల అది. అనువాదకుడిగా అట్ట మీద ఈ మాస్టారి పేరే ఉంది. ఆ పేరు తప్పని వారం కిందట కూతురు ఫోన్ చేసి చెప్పింది.

"రుజువేమన్నా ఉందా అమ్మా?"

కూతురు బీరువాలోంచి లావుపాటి ఫైలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "మొదటి పేజీ నుంచి చివరిదాకా అమ్మ చేతిరాతే."

"దాని రాతే, కాదన్నదెవరు?" అన్నాడు తండ్రి. "నాది కోడి కెలికిన రాత. నేను చెబుతుంటే అది రాసుకునేది. ఫెయిర్ కాపీ రాసినవాళ్ళంతా అనువాదకులైతే, టైపు కొట్టినవాడి పేరు కూడా వేయాలి మరి."

"ఇన్ని కొట్టివేతలున్నాయి, ఫెయిర్ కాపీ ఎలా అవుతుంది నాన్నా? ఒక్కో మాటకి నాలుగేసి మాటలు రాసి కొట్టేసుకుంది."

"నేను మనసు మార్చుకున్నప్పుడల్లా కొట్టేసేది. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి."

"నేను బడి నుంచి వచ్చేసరికి వంటగదిలో స్టూలు మీద కూర్చుని రాసుకుంటూ ఉండేది. కూర మాడుతున్నా లేచేది కాదు."

"ఆ మాడిన కూర తిన్నది నేను. దానికేమన్నా అవార్డిస్తే తీసుకుంటాను."

చరిత్ర రాస్తున్నావిడ ఫైలు మూసింది. "మొదట్లో వచ్చిన అనువాదాల మీద దొరల పేర్లుంటాయి మాస్టారూ. పక్కన కూర్చుని వాక్యం వాక్యానికీ అర్థం చెప్పిన పంతుళ్ళ పేర్లు ఎక్కడా కనబడవు. తర్వాత దొరలు పోయారు, మొగుళ్ళొచ్చారు. ఇలాంటివి చాలా చూశాను. అందుకే ఇంతదూరం వచ్చాను."

"వచ్చారుగా. నన్నెందుకు, దాన్నే అడగండి. పక్క గదిలోనే ఉంది."

"వద్దు నాన్నా."

"ఏం? అనువాదకురాలన్నావుగా!"

పక్క గదిలో కిటికీ వారగా మంచం. మంచానికి ఆనించిన చక్రాల కుర్చీ, స్టూలు మీద మందుల డబ్బా. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయి, రెండు నెలలకి తిరిగొచ్చింది. వచ్చింది తల్లిభాష ఒక్కటే. ఇంగ్లీషు రాలేదు.

భర్త ఆ పుస్తకం తెరిచి మొదటి వాక్యం ఇంగ్లీషులో చదివాడు, పాఠం చెప్పినట్టు నిదానంగా, రెండుసార్లు. ఆమె ఆయన పెదవుల వంక చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"ఏమంటున్నారే మీ నాన్న?"

చరిత్ర రాస్తున్నావిడ మంచం పక్కన వంగింది. "అమ్మా, ఈ పుస్తకం మీరు రాశారా?"

ఆమె పుస్తకాన్ని ఎడమచేత్తో అందుకుంది. ఒక పేజీ తిప్పింది. అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు వెతికింది, ఏదో పోగొట్టుకున్నట్టు.

"ఇంగ్లీషులా ఉందే" అంది మెల్లగా. "అయితే ఆయనదే అయి ఉంటుంది."

కూతురు మొహం పక్కకి తిప్పుకుని, సరిగ్గానే ఉన్న దుప్పటిని మళ్ళీ సర్దింది.

"చాలా మేడమ్?" అన్నాడు తండ్రి.

ముందుగదిలోకి వచ్చి కూర్చున్నాక ఆవిడ కాగితం తీసింది. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"చాలు మాస్టారూ. అనువాదకుడిగా మిమ్మల్నే ఒక్క సంగతి అడుగుతాను. నవలలో ఆ పిల్ల బావి గట్టు మీద కూర్చుని, చచ్చిపోయిన తల్లి ఉత్తరాలు ఒక్కొక్కటే చదివి నీళ్ళలో వదిలే అధ్యాయం ఉంది కదా. మీ ఇంగ్లీషులో అది లేదు. ఎందుకు తీసేశారు?"

ఆయన హాయిగా వెనక్కి వాలాడు. "మంచి ప్రశ్న. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ అధ్యాయం మనవాళ్ళని ఏడిపిస్తుంది మేడమ్. ఇంగ్లీషులో పెడితే తేలిపోతుంది. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ చింపేశాను. చివరికి గుండె రాయి చేసుకుని వదిలేశాను. అనువాదకుడి చేతిలో కలంతోపాటు కత్తెర కూడా ఉండాలి."

"ఈ మాటలు మీవిగానే వేస్తాను. కింద సంతకం పెడతారా?"

చెప్పినవన్నీ ఆవిడ పొల్లుపోకుండా రాసింది. ఆయన మరోసారి చదువుకుని, "కత్తెర మాట బాగా వచ్చింది" అంటూ సంతకం గీశాడు.

కూతురు గేటుదాకా వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మీరు కూడా అట్ట మీద పేరే చూశారన్నమాట. వెళ్ళండి, అలాగే అచ్చేసుకోండి. కానీ మా అమ్మ ఒక్క కామా వదిలే మనిషి కాదండీ. అధ్యాయానికి అధ్యాయం వదిలేసిందంటే నేను చచ్చినా నమ్మను."

"నమ్మకు" అంది ఆవిడ, సంతకం పెట్టిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంటూ. "ఆ అధ్యాయం అసలు నవలలోనే లేదు. ఇందాక మీ మెట్లెక్కుతూ నేను అల్లాను."