లోపలి గది పురుగులు

తన పాతింటి లోపలి గది గోడ పగుళ్లలో దొరికిన పురుగులను ఈరన్న అగ్గిపెట్టెలో వేసుకుపోయి వ్యవసాయ అధికారికి చూపించాడు.

"గులాబీ రంగు పురుగు. ఆ గదిలో పత్తి పోశారా?" అని ఆమె అడిగింది.

"పోయినేడుది, మేడం. రేటొస్తాదని అట్లే పెట్టినాం."

"వానలకు అందులోంచే రెక్కల పురుగులు లేచి చుట్టూ చేలమీద పడ్డాయి."

ఈరన్న అగ్గిపెట్టె మూసేశాడు. పురుగు మొదట కనబడింది పక్కనున్న మద్దిలేటి చేలో. అక్కడి నుంచే తన చేనుకు పాకిందని పంచాయతీ పెట్టి, కాయ మీదున్న అతని పత్తినంతా పీకించాడు.

అగ్గిపెట్టె జేబులో వేసుకుంటుంటే తాళంచెవి తగిలింది. పెళ్లాం పిల్లలతో గుంటూరుకు కూలికి పోతూ మద్దిలేటి ఇచ్చిపోయినది.

"నా సేని పురుగే నీకు నష్టం సేసింది. మనసులో పెట్టుకోకన్నా. ఇల్లు సూస్తాండు" అన్నాడు.