సంతకం సరిపోలేదు

జాబితాలో ఏడు పేర్లున్నాయి. సాయంత్రం అయిదులోపల ఏడు సంతకాలూ జిల్లా ఎన్నికలు చూసే కౌంటీ ఆఫీసుకి చేరాలి. లేకపోతే ఆ ఏడు ఓట్లూ చెల్లవు.

ఉదయ్ చివరి పేరు చూసి, చూడనట్టే కాగితం మడిచాడు. ముందు మిగతా ఆరూ కానీ అనుకున్నాడు.

ఎన్నికలు అయిపోయి మూడు వారాలు. కాంగ్రెస్ సీటుకి, అంటే ఇక్కడి పార్లమెంటుకి, అతను తిరిగి తిరిగి ప్రచారం చేసిన అభ్యర్థి, ఒక స్కూల్ టీచరు, తొమ్మిది ఓట్లు వెనకబడి ఉంది. పోస్టులో వచ్చిన ఓట్లలో కొన్నిటిని కౌంటీ పక్కన పెట్టింది. కవరు మీది సంతకమూ, తమ ఫైల్లో ఉన్న సంతకమూ ఒకలా లేవట. ఆ ఓటరు ఇంకో ఫారం మీద సంతకం పెట్టి, అది ఫైల్లోదానితో కలిస్తే ఓటు లెక్కలోకి వస్తుంది. ఫ్రీమాంట్ ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లు ఉదయ్ వంతుకొచ్చాయి.

తొమ్మిది ఓట్లు! తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. పదకొండేళ్లు వీసా క్యూలో నిలబడి, చెయ్యెత్తి పౌరసత్వ ప్రమాణం చేసి, ఈ దేశం నాది అనుకున్నవాడు ఉదయ్. ఆ దేశమేమో వాతావరణ ఒప్పందం వద్దంటుంది. పేద దేశాల పిల్లలకి టీకాలు దండగంటుంది. ప్రపంచంతో నాకేం పని అని తలుపేసుకుంటుంది. అడవులు తగలబడితే పొగ సరిహద్దు దగ్గర ఆగుతుందా? రోగం వీసా తీసుకుని వస్తుందా? ఈ మాటలే లైబ్రరీ హాల్లో మైకు పట్టుకుని అడిగాడు. "మీ ఓటు మీది. మీ తరఫున ఇంకెవర్నీ మాట్లాడనివ్వకండి" అని ముగించాడు. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు.

నాలుగిళ్లలో పని తొందరగానే అయింది. ఒకాయన అప్పట్లో చెయ్యి విరిగి ఎడమచేత్తో పెట్టాడట. ఒకమ్మాయి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకుంది. మిగతా ఇద్దరూ తొందరలో గీకేశామన్నారు.

అయిదో ఇల్లు ఆంజనేయప్రసాద్‌ది. రిటైరైన ఇంజినీరు. చిక్కుపడ్డ ఓటు ఆయన భార్య జ్ఞానప్రసూనది.

"ఆ సంతకం నేనే పెట్టాను బాబూ" అన్నాడాయన, నిమ్మకు నీరెత్తినట్టు. "రెండు బ్యాలెట్లూ నేనే ఫిల్ చేశా. ఆవిడకివన్నీ ఎందుకని."

"అంకుల్, అది ఆంటీ ఓటు!"

"మా ఇంట్లో నీది నాది అని ఉండదయ్యా. ఇన్సూరెన్సూ నేనే చూసుకుంటా, ఓటూ నేనే చూసుకుంటా."

ఉదయ్‌కి చిర్రెత్తుకొచ్చింది. "ఎక్కడో దేశాల్లో ఆడవాళ్లని నోరెత్తనివ్వడం లేదని గ్రూపులో రోజూ ఫార్వర్డ్ చేస్తారు కదా అంకుల్! మీరు చేసిందేంటి మరి?"

పెద్దాయన ముఖం మాడ్చుకున్నాడు. ఫారం మీద ఉన్న వాక్యాన్ని ఉదయ్ పైకి చదివాడు. ఈ ఓటు నేనే వేశానని ప్రమాణం చేస్తున్నాను. "ఆంటీ చేత అబద్ధపు ప్రమాణం చేయించి గెలవక్కర్లేదు మాకు" అంటూ ఫారం రెండు ముక్కలు చేశాడు.

జ్ఞానప్రసూన గుమ్మం దాకా వచ్చింది. "ఇంతకీ నా ఓటు ఎవరికి పడింది నాయనా?" అని మెల్లగా అడిగింది.

ఉదయ్ ఫారం ముక్కలు జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. కారెక్కాక కూడా ఆ గొంతే వినిపించింది. ఇలాంటి మనుషులు ఉన్నన్నాళ్లూ ఈ దేశం బాగుపడదని స్టీరింగు మీద గుద్దాడు.

ఆరో ఇల్లు తాళం. టీమ్‌ని చూసే కౌశిక్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, డిఫరెన్స్ ఇప్పుడు రెండే. నీ దగ్గర ఇంకేమైనా ఉన్నాయా?"

ఇంకొక్కటి ఉంది. టైము నాలుగున్నర.

చివరి తలుపు రేణు తీసింది. ఆమె చేతిలో కౌంటీ నుంచి వచ్చిన ఉత్తరముంది. ఉదయ్ బూట్లు విప్పి లోపలికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఫారం పెట్టాడు.

"కవరు మీద సంతకం ఎవరిది?"

"నాదే!" అంది రేణు. "లైబ్రరీలో వెనక వరసలో కూర్చుని మీ మాటలన్నీ విన్నాను. మీ ఓటు మీది అన్నారుగా? ఈసారి బ్యాలెట్ అంతా నేనే చదువుకున్నా. రెండు గంటలు పట్టింది. ఆ టీచరమ్మ గురించి ఆన్‌లైన్‌లో చూసి మరీ వేశా. సైన్ కూడా నేనే చేశా."

కలం తీసుకుని ఫారం మీద సంతకం పెట్టింది. గుండ్రటి అక్షరాలు, పూర్తి పేరు. కవరు మీదా అచ్చం ఇలాగే పెట్టానంది.

ఉదయ్ దాన్ని చూశాడు. "ఇదీ తీసుకోరు" అన్నాడు.

"ఎందుకు తీసుకోరు? నా పేరు నేను రాస్తే నాది కాదంటారా?" రేణు ఫారాన్ని అతని ముందుకి తోసింది. "పోనీ, నేనే నేనని వాళ్లు నమ్మాలంటే సంతకం ఎలా ఉండాలో మీరే చెప్పండి. అలాగే పెడతాను."

ఫోన్లో కౌశిక్ మళ్లీ పిలుస్తున్నాడు. ఉదయ్ ఎత్తలేదు. తలెత్తి రేణు ముఖం కూడా చూడలేదు.

కౌంటీ ఫైల్లో రేణు పేరు మీద ఉన్న సంతకం, ఎనిమిదేళ్ల క్రితం ఆమెకి పౌరసత్వం వచ్చిన వారంలో, ఇదే టేబుల్ దగ్గర కూర్చుని, వంటింట్లో పనిలో ఉన్న భార్యను పిలవడమెందుకని ఓటరు నమోదు ఫారం మీద ఉదయ్ తన చేత్తో తానే పెట్టింది.